వచ్చాడు, వచ్చేవాడు

ఈ నెల మేము వ్రాస్తున్నది ఒక క్రియాపదం గురించి. వ్యాకరణం అనగానే పేజీ తిప్పేయవద్దని మనవి. ఈ క్రియాపదం వల్లనే మా యింట్లో ఇరవై ఏళ్ళుగా మాకు తెలియకుండా ఉన్న ఒక సంగతి బయటపడింది. ఆ సంగతి మీతో చెప్పుకోవలసిన బాధ్యత మాకున్నది. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ భాష చదువుతున్నది. తార్నాక దగ్గరున్న ఆ విద్యాలయం 1958లో ఇంగ్లీషు నేర్పే సంస్థగా మొదలైంది. 1972లో దానికి విదేశీ భాషలు తోడయ్యాయి. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అమ్మాయిని అక్కడ చేర్చినప్పుడు సంఘంలో పెద్దలు కొందరు "స్పానిష్ దేనికి అయ్యగారూ, నర్సింగులో చేర్పించకపోయారా?" అని అడిగారు. ఇరవై దాకా దేశాల్లో అది అధికార భాష అని చెప్పి తప్పించుకున్నాము గాని, మా మనసులోనూ అదే ప్రశ్న ఉండేది.

2024 దసరా సెలవులకు అమ్మాయి రైలు దిగి మిర్యాలగూడ వచ్చింది. బట్టల సంచితో పాటు ఇంటిపని కూడా తెచ్చుకుంది. మొదటిది, 'వచ్చు' అనే క్రియను ఒక ప్రత్యేకమైన భూతకాలంలో అందరు పురుషులకూ వ్రాసి కంఠతా పట్టడం. రెండవది, అదే కాలాన్ని వాడుతూ కుటుంబంలో ఒక పెద్దవారి గురించి ఒక పేజీ వ్రాయడం. పెద్దవారు ఎవరని అడిగితే "తాతయ్య" అన్నది. మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాము.

ముందు వ్యాకరణం సంగతి చెప్పనివ్వండి. స్పానిష్‌లో 'వచ్చు' అనడానికి 'బెనీర్' అంటారు. వ్రాసేటప్పుడు 'వ' అక్షరం, పలికేటప్పుడు 'బ'. నేను వచ్చేవాణ్ణి అనడానికి 'బెనీయా'. నువ్వు వచ్చేవాడివి, 'బెనీయాస్'. అతడు వచ్చేవాడు, ఆమె వచ్చేది, రెండింటికీ మళ్ళీ 'బెనీయా'. మేము వచ్చేవాళ్ళం, 'బెనీయామోస్'. మీరు, 'బెనీయాయిస్'. వాళ్ళు, 'బెనీయాన్'. అమ్మాయి వరండాలో అటూ ఇటూ నడుస్తూ వల్లె వేస్తుంటే, మా చిన్నబ్బాయి వెనకాలే నడుస్తూ వెక్కిరించాడు. రెండు రోజుల్లో వాడికే ముందు వచ్చేసింది.

మాకు ఆశ్చర్యమేమంటే, ఈ 'బెనీర్' మిగతా కాలాల్లో వంకరలు తిరిగే క్రియ. వచ్చాడు అనాలంటే 'బీనో' అవుతుంది, మూలరూపం గుర్తుపట్టలేము. ఈ ఒక్క కాలంలో మాత్రం బుద్ధిగా వరుసలో నిలబడుతుంది. ఆ భాష మొత్తంలో ఈ కాలంలో దారి తప్పే క్రియలు మూడే మూడట. ఉండు, వెళ్ళు, చూడు. తక్కినవన్నీ రెండు అచ్చుల్లో ఏదో ఒక దానిలో పడిపోతాయి. 'ఆర్' అని ముగిసే క్రియలకు 'ఆబా' వరుస, మిగిలినవాటికి 'ఈయా' వరుస. రెండు వేల ఏళ్ళ క్రితపు లాటిన్‌లోని 'బ' శబ్దం మొదటి అచ్చులో నిలిచింది, రెండవదానిలో అరిగిపోయింది.

ఈ కాలానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఇంపెర్ఫెక్తో'. అంటే లోపమున్నదని కాదు, పూర్తి కానిది అని అర్థం. పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఇది చెప్పదు. అప్పట్లో అలా జరుగుతూ ఉండేది అని మాత్రమే చెబుతుంది. ఈ మాట వినగానే మాకు థియాలజీ డిప్లొమా రోజులు గుర్తొచ్చాయి. గ్రీకు క్లాసులో ఇదే కాలాన్ని చార్టు మీద వ్రాసి గోడకు అంటించుకున్నాము. పరీక్షలో దానికే మార్కులు పోయాయి. ఒక్కసారి జరిగినదానికీ, జరుగుతూ వచ్చినదానికీ తేడా ఏమిటని గురువుగారు అడిగితే, పుస్తకంలో ఉన్నది అప్పజెప్పామే గాని మనసుకు ఎక్కించుకోలేదు.

తెలుగులో ఈ కాలం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉన్నది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు 'తద్ధర్మం' అని ఒక మాట ఉన్నది. స్వభావంగా, అలవాటుగా జరిగేది అని దాని భావం. 'వచ్చెడు' అనే ఆ రూపానికి 'వాడు' చేర్చితే 'వచ్చెడువాడు'. అది నలిగి నలిగి మన నోట 'వచ్చేవాడు' అయింది. అంటే మనం పని గురించి చెబుతున్నామనుకుంటాము గాని, ఆ మాటలో ఉన్నది మనిషి. వచ్చేవాడు అంటే రావడం ఎవరి స్వభావమో అతడు.

మేము ఇదంతా అమ్మాయికి వివరిస్తుంటే, అరుగు మీద చాటలో బియ్యం చెరుగుతున్న మా అమ్మ కలుగజేసుకున్నది. ఆమెకు డెబ్భై నాలుగేళ్ళు.

"వచ్చేవాడు అని ఎవలంటరు బిడ్డా? రేడియోల అంటరు. మనం వస్తుండె అంటం."

అమ్మాయి పెన్ను తీసుకుని నాయనమ్మ ముందు కూర్చుంది. నేను వస్తుంటి. నువ్వు వస్తుంటివి. ఆయన వస్తుండె. ఆమె వస్తుండె. మేము వస్తుంటిమి. మీరు వస్తుంటిరి. వాళ్ళు వస్తుండిరి. బడి గడప తొక్కని మనిషి ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆడమగ తేడా లేకుండా 'వస్తుండె' ఒక్కటే సరిపోవడం చూసి అమ్మాయి "నాయనమ్మా, నీది అచ్చం స్పానిష్" అని నవ్వింది. మేము గమనించినది మరొకటి. మన పాత తెలుగు బైబిలులో అడుగడుగునా కనబడే 'చుండెను', మా అమ్మ నోటి 'తుండె', రెండూ ఒకే తల్లి బిడ్డలు. ఆ గ్రాంథిక భాష పల్లెవాళ్ళకు అర్థం కాదని మేము ఎన్నోసార్లు అన్నాము. మాకంటే వాళ్ళకే దగ్గరగా ఉన్నది.

"కాలువ రాకముందు ఏం తింటుంటిరి నాయనమ్మా?" అని అమ్మాయి కొత్తగా నేర్చిన రూపంతోనే అడిగింది.

"జొన్న గటక తింటుంటిమి. మొగులు దిక్కు సూస్తుంటిమి. పండుగనాడే వరి బువ్వ వండుతుంటిమి. కాలువొచ్చింది. నీళ్ళొచ్చినయి. మిల్లులొచ్చినయి. మీ తాత మిల్లుల హమాలి పనికి కుదిరిండు."

చూశారా? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో పునాది వేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మా ప్రాంతపు బ్రతుకునే మార్చింది. ఈ చరిత్రనంతా ఆమె రెండు కాలాల్లో చెప్పేసింది. కాలువకు ముందున్నది 'తుంటిమి'. కాలువ 'వచ్చింది'. ఎదురుచూపుకు ఒక క్రియారూపం, సంఘటనకు మరొకటి.

ఇక తాతయ్య విషయానికి వస్తాము. పాఠకుల్లో కొందరు మా సాక్ష్యం వినే ఉంటారు. ఎన్నో కూడికల్లో చెప్పాము. 2004 జూన్‌లో మేము మిల్లులో గుమాస్తా ఉద్యోగం వదిలి దైవసేవకు చదువుకుంటామని చెప్పినప్పుడు, మా నాన్న మా ట్రంకుపెట్టె తీసి వీధిలో పెట్టాడు. తన వంశంలో వీపున బస్తా మోయకుండా పెన్ను పట్టిన మొదటివాడు కొడుకే. ఆ పెన్ను పారేస్తున్నాడని ఆయన కోపం. "నా గడప తొక్కొద్దు" అన్నాడు. అప్పటికి మా అమ్మాయి ఇంకా తల్లి కడుపులో ఉన్నది. ఆ రాత్రి మిర్యాలగూడ బస్టాండులో పడుకున్నాము.

సాక్ష్యంలో రెండవ భాగం దీనికంటే బాగుండేది. దూరపు ఊరిలో రెండేళ్ళ చదువు. చేతిలో డబ్బు లేదు. అయితే ప్రతి నెలా హాస్టల్ గేటు దగ్గర మా పేరు మీద ఒక బియ్యం మూట ఉండేది. పదిహేను కిలోలు. ఎవరిచ్చారో వాచ్‌మన్ చెప్పేవాడు కాదు. సంచి ఎప్పుడూ తిరగేసి కుట్టి ఉండేది. పాత సంచి కాబట్టి అలా కుట్టారనుకునేవాళ్ళం. కన్నతండ్రి వెళ్ళగొట్టినా పరలోకపు తండ్రి తెలియని చేతులతో పోషించాడు అని మేము చెప్పినప్పుడు సభలో కన్నీరు పెట్టనివారు ఉండేవారు కాదు. ఒకసారి మా నాన్న కూడా వెనుక వరుసలో కూర్చుని ఆ సాక్ష్యం విన్నాడు. ముగియకముందే లేచి బయటకు వెళ్ళిపోయాడు. ఎంత కఠిన హృదయమో అనుకున్నాము. 2011లో ఆయన చనిపోయాడు. చదువు ముగించి ఊరికి వచ్చిన తర్వాత ఆ ఐదేళ్ళూ మా మధ్య మంచీచెడ్డా మాట్లాడుకోవడం ఉండేది గాని, ఆ ట్రంకుపెట్టె మాట ఎత్తింది లేదు.

అమ్మాయి ఆ సాయంకాలం నాయనమ్మను అడిగింది: "తాత ఏం చేస్తుండె చెప్పు. ఒక్కరోజు చేసింది వద్దు. ఎప్పుడూ ఏం చేస్తుండె?"

మా అమ్మ చాట పక్కన పెట్టింది.

"పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేస్తుండె. సద్ది కట్టుకొని మిల్లుకు పోతుండె. మాపటికి ఒళ్ళంత ఊకతోని వస్తుండె. తువ్వాల కొసకు బెల్లం ముక్క కట్టుకొస్తుండె, మీ నాయన కోసం." కొంచెం ఆగి మళ్ళీ అన్నది. "నెల పైసలు చేతుల పడంగనే పదిహేను కిలోల బియ్యం కొంటుండె. సంచి తిరగేసి కుడుతుండె."

మా యింటావిడ వంటింట్లోంచి గరిటెతోనే బయటకు వచ్చింది. "తిరగేసి ఎందుకత్తమ్మా?"

"మిల్లు పేరు కండ్ల పడితె మీరు వాపసు పంపుతరని. బస్సు మీదేసుకొని పోతుండె. గేటుకాడ ఇచ్చి, ఎదురుంగ చాయ్ కొట్టుల కూసుంటుండె. మీరు క్లాసుకు పోయేది సూసి మళ్ళ బస్సెక్కుతుండె. ఈ పిల్ల పుట్టినంక, నువ్వు ఎత్తుకొని బయట నిలబడ్డవు అనుకో, ఆ దినం ఇంటికొచ్చి కడుపునిండ తింటుండె. కనబడకపోతె తినకపోతుండె."

మేము చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. చివరకు "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా" అని అడిగితే, "ఒట్టేయించుకున్నడు. చెప్తె వాళ్ళు ఆ బువ్వ తినరన్నడు. ఆయన పోయినంక చెప్దామంటె, మీరు దేవుడు పంపిండని నలుగురికి చెప్పుకుంటున్రి. అది అబద్ధమెట్ల అయితది కొడకా? పంపింది దేవుడే. మోసింది మీ నాయన" అన్నది. మళ్ళీ చాట అందుకున్నది.

ప్రియ పాఠకులారా, మేము సాక్ష్యంలో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆయన ట్రంకుపెట్టె వీధిలో పెట్టాడు, నిజం. గడప తొక్కవద్దన్నాడు, నిజం. అవి ఒక్క పూటలో జరిగిన పనులు. పెట్టాడు, అన్నాడు, వెళ్ళగొట్టాడు. ఆ మూడు మాటలతో ఒక మనిషిని ఇరవై ఏళ్ళు నిలబెట్టాము. కొనేవాడు, కుట్టేవాడు, మోసేవాడు, కూర్చునేవాడు, చూసేవాడు అనే మాటలు మా దగ్గర లేవు. అడగలేదు గనుక లేవు. సంఘటన మీద పడినట్టుగా కళ్ళలో పడుతుంది. అలవాటు అలా కనబడదు. ఎవరో ఒకరు కూర్చుని 'ఏం చేసేవాడు' అని అడిగితేనే బయటకు వస్తుంది.

మాకు మరొక సిగ్గు కూడా కలిగింది. అమ్మాయి దగ్గర రేయినా, బలేరా అనే ఇద్దరి పేరుతో నడిచే స్పానిష్ బైబిలు ఉన్నది. 1569లో మొదటివారు అనువదించినదాన్ని 1602లో రెండవవారు సవరించారు. అటు తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి. మేము మరునాడు తప్పిపోయిన కుమారుని కథ తీయించి క్రియలు చదివించాము. దూరదేశంలో ఆకలితో ఉన్నవాడికి ఎవరూ ఏమీ ఇవ్వలేదన్న చోట 'దాబా' అని ఉన్నది. అంటే ఎవ్వరూ ఇచ్చేవారు కాదు, రోజూ అదే కథ. గ్రీకులోనూ అక్కడ అసంపూర్ణ కాలమే. వాడు ఇంకా దూరంగా ఉన్నాడన్న చోట 'ఎస్తాబా', అదీ పూర్తి కానిదే. ఆ తర్వాత తండ్రి చూశాడు, 'బియో'. పరుగెత్తాడు, 'కొర్రియో'. ఇవి ఒక్కసారి జరిగి తెగిపోయిన క్రియలు. పూర్తి కాని ఆకలి మధ్యలోకి పూర్తయిన పరుగు వచ్చింది.

మరి మేము ఇన్నేళ్ళుగా ఈ కథను ఎలా ప్రసంగించేవాళ్ళం? తండ్రి రోజూ మేడ ఎక్కి చూసేవాడు, దారి వైపు కన్నులు కాయలు కాచేలా ఎదురుచూసేవాడు అని. ఆ మాట కథలో ఎక్కడా లేదు. మేమే చేర్చుకున్నాము. అది తప్పని కాదు, అంత దూరం నుండి చూడగలిగినవాడు ఎదురుచూసే ఉంటాడని ఊహించాము. కథలోని తండ్రికి అడగకుండానే ఒక 'చూసేవాడు' ఇచ్చిన మేము, చాయ్ కొట్టులో కూర్చుని నిజంగా చూసిన తండ్రికి మాత్రం ఇవ్వలేకపోయాము.

సేవకులుగా మా దగ్గరికి భార్యాభర్తలు తగాదాలతో వస్తుంటారు. అప్పటి నుండి మేము వాళ్ళ క్రియల మీద చెవి పెడుతున్నాము. కోపంలో మనుషులు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకసారి జరిగిన చెడ్డపనిని అలవాటుగా మార్చేస్తారు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి విసిరిన కంచం, పదేళ్ళ తర్వాత "ఎప్పుడూ కంచాలు విసిరేవాడు" అవుతుంది. రోజూ జరిగే మంచిని మాత్రం లెక్కలోకే రానివ్వరు. రోజూ తెల్లవారి లేచి నీళ్ళు పట్టే భార్యకు ఒక్క రూపమూ దక్కదు. అలాంటివారిని ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, "వారు ఏం చేశారో తర్వాత చెప్పండి, ముందు ఏం చేస్తుంటారో చెప్పండి" అని అడుగుతున్నాము. అందరి తగాదాలూ దీనితో తీరలేదు. నిజంగానే చెడ్డ అలవాటు ఉన్నచోట, కొట్టడం తాగడం ప్రతి వారం జరిగేచోట, ఈ ప్రశ్న ఆ నిజాన్నే బయటపెడుతుంది. అప్పుడు 'ఒక్కసారి జరిగిందిలే' అని సర్దిచెప్పడం అన్యాయమని మాకూ తెలుస్తుంది. ఏదైనా సరే, సరైన కాలంలో చెప్పినప్పుడే న్యాయం మొదలవుతుంది.

సెలవులు ముగియకముందు వచ్చిన ఆదివారం, మేము సంఘంలో నిలబడి సాక్ష్యం సరిదిద్దాము. ఇరవై ఏళ్ళుగా చెప్పినదానిలో సగమే ఉన్నదని ఒప్పుకున్నాము. బియ్యం మూట ఎవరు మోసుకొచ్చేవారో చెప్పాము. మా అమ్మ ఎప్పటిలాగే ముందు వరుసలో చాప మీద కూర్చుని ఉన్నది. ఎప్పుడూ మా సాక్ష్యం వింటూ తల దించుకునేది. ఆ రోజు దించుకోలేదు. కూడిక తర్వాత నాన్నతో కలిసి పనిచేసిన ఒక వృద్ధ హమాలి వచ్చి, "ఆ సంచులకు దబ్బనం నేనే ఇస్తుంటి అయ్యగారూ" అన్నాడు. అంటే మిల్లులో అందరికీ తెలుసు. తెలియనిది మాకే. మేము చెప్పిన సాక్ష్యం వేరే ఊళ్ళలో విన్నవారు ఈ పత్రిక పాఠకుల్లో ఉన్నారు. మీకు కూడా ఆ రెండవ సగం చేరాలనే ఇది వ్రాశాము.

అమ్మాయి తన పేజీ వ్రాసుకుని హైదరాబాదు వెళ్ళింది. వారం తర్వాత దిద్దిన కాగితం ఫోటో తీసి పంపింది. 'మా తాతయ్య వచ్చేవాడు' అని మొదటి వాక్యం. మొదలంతా బెనీయా, బెనీయా అని నిండి ఉన్నది. చివర మాత్రం ఒకే క్రియ రెండు కాలాల్లో వచ్చింది. స్పానిష్‌లో 'తెలియు' అనే క్రియకు ఒక విశేషం ఉన్నదట. పూర్తి కాని కాలంలో అంటే, 'సబీయామోస్', మాకు తెలిసి ఉండేది అని అర్థం. పూర్తయిన కాలంలో అదే క్రియ 'సుపీమోస్' అయి, మాకు తెలియవచ్చింది, ఆ క్షణాన తెలుసుకున్నాము అని అర్థం మారుతుంది.

ఆమె వ్రాసినది ఇది: మాకు తెలిసి ఉండేది కాదు. నాయనమ్మ బియ్యం చెరుగుతుండగా తెలుసుకున్నాము.

ఉపాధ్యాయురాలు రెండు క్రియల కిందా గీత గీసి, పక్కన ఒప్పు అని టిక్కు పెట్టారు.